పాత కాగితం: బొమ్మ కింద ఆ చిన్న అక్షరాలు

పోయిన సంచికలో ఎడ్మండ్ కీన్ అనే ఇంగ్లీషు నటుడి బొమ్మ గురించి నాలుగు ముక్కలు రాశాను. లండన్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు ఒక ఆదివారం సంతలో కొన్నాను దాన్ని. ఫోటోలు లేని రోజుల్లో, అంటే 1800 నుంచి 1830 దాకా అనుకోండి, అక్కడ నటీనటుల, మంత్రుల, సేనాధిపతుల ముఖాల్ని రాగిరేకుల మీద చెక్కి, కాగితం మీద అచ్చు తీసి అమ్మేవారని మాత్రమే చెప్పాను. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కాలేజీ లైబ్రరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసినప్పుడు కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదు.

"మీ కీన్ బొమ్మ చెక్కిందెవరు?" అని ముగ్గురు అడిగారు. ఆ సంగతి చివర్లో చెబుతాను. కాస్త సిగ్గుపడాల్సిన విషయం.

ప్రశ్న (ఇంగ్లండులోని రెడింగ్ నుంచి, ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి): కారు బూట్ సేల్‌లో, అంటే కారు డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే సంతలో, నాలుగు పౌన్లకి ఒక బొమ్మ కొన్నాను. పదమూడేళ్ల కుర్రాడు, నాటకం వేషంలో ఉన్నాడు. కింద 'మాస్టర్ బెట్టీ' అని ఉంది. ఎడమ మూల ఒక పేరు, పక్కన 'పింక్స్‌ట్'. కుడి మూల ఇంకో పేరు, 'స్కల్ప్'. మధ్యలో 'పబ్లిష్డ్ యాజ్ ది యాక్ట్ డైరెక్ట్స్' అని, 1805 తేదీ. మా ఆవిడ ఇది జిరాక్స్ అంటోంది. ఇద్దరు ఆర్టిస్టులు ఎందుకున్నారు? ఇది ఒరిజినలేనా?

జవాబు: మీరు పంపిన ఫోటోలో బొమ్మ చుట్టూ నాలుగు వైపులా పల్లంగా ఒక గీత పడింది చూడండి. తడిపిన కాగితాన్ని సిరా పూసిన రాగిరేకు మీద పరిచి, రోలరు కింద గట్టిగా నొక్కితే రేకు అంచులు అలా కాగితంలో దిగబడతాయి. జిరాక్స్ మిషన్‌కి ఆ బలం లేదని మీ ఆవిడకి మెల్లగా చెప్పండి.

ఇక ఆ మాటలు లాటిన్. 'పింక్సిట్' అంటే రంగుల్లో చిత్రించాడు. 'స్కల్ప్సిట్' అంటే చెక్కాడు. ఎడమవైపు ఉన్నవాడు అసలు పెయింటింగ్ వేసినవాడు, కుడివైపు ఉన్నవాడు దాన్ని చూసి రేకు మీద చెక్కినవాడు. కొన్నింటి మీద 'డెల్' అని ఉంటుంది, అది గీసినవాడి పేరు పక్కన. 'ఎక్స్‌క్' అని ఉంటే అచ్చు వేయించి అమ్మినవాడు. ఇంత చిన్న చోట నలుగురి కూలి లెక్క రాసి ఉందన్నమాట.

మధ్యలో ఉన్న 'యాక్ట్' నాటకంలో అంకం కాదు, చట్టం. విలియం హోగార్త్ అనే చిత్రకారుడు తన బొమ్మల్ని పక్క షాపుల వాళ్లు దొంగ అచ్చులు వేసి అమ్ముకుంటుంటే ఒళ్లు మండి, తోటివాళ్లని కూడగట్టి పార్లమెంటుకి ఎక్కాడు. 1735లో చట్టం వచ్చింది. చెక్కిన బొమ్మ మీద 14 ఏళ్ల హక్కు. 1767లో దాన్ని 28 ఏళ్లు చేశారు. ఆ హక్కు దక్కాలంటే హక్కుదారు పేరూ ప్రచురించిన తేదీ రేకు మీదే చెక్కి ఉండాలి. అందుకే మీ కుర్రాడి కింద ఆ వరస ఉంది. మన అదృష్టం కూడా అదే. అప్పటి పుస్తకాల్లో ఏ నెలలో వచ్చాయో తెలియనివి బోలెడు. బొమ్మలకి మాత్రం రోజుతో సహా తెలుస్తుంది.

కాకపోతే ఒక మెలిక. 1805 అనేది రేకు పుట్టిన తేదీ, మీ చేతిలో ఉన్న కాగితం పుట్టిన తేదీ కాదు. రాగిరేకులు చేతులు మారేవి. షాపు మూతపడితే ఇంకొకడు కొనుక్కుని, పాత పేరు గీకేసి తన పేరు చెక్కుకుని, ఇరవై ఏళ్ల తర్వాత కూడా అచ్చులు తీసేవాడు. కాగితాన్ని ఒకసారి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. 'వాట్‌మన్' అనే తయారీదారు పేరు, పక్కన ఏడాది నీడలా కనిపిస్తే లెక్క తేలిపోతుంది. 1805 తేదీ ఉన్న బొమ్మకి 1820 కాగితం ఉంటే అది తర్వాత తీసిన అచ్చు.

ఆ పిల్లాడి గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. విలియం హెన్రీ వెస్ట్ బెట్టీ 1791లో పుట్టాడు. పదకొండేళ్లకి బెల్‌ఫాస్ట్‌లో వేషం కట్టాడు. 1804 డిసెంబరు 1న లండన్‌లో కోవెంట్ గార్డెన్ థియేటరుకి వచ్చేసరికి జనాన్ని అదుపు చేయడానికి సైనికుల్ని పిలవాల్సి వచ్చింది. వీడి హామ్లెట్ చూడాలని ప్రధాని పిట్ పార్లమెంటు సభనే వాయిదా వేయించాడని చెబుతారు. ఆ ఒక్క సీజనులో ఓపీ, నార్త్‌కోట్ లాంటి పెద్ద చిత్రకారులు వాడి బొమ్మ వేశారు, చెక్కేవాళ్లు వరస కట్టారు, పతకాల మీద కూడా వాడి ముఖమే. రెండో ఏడాదికే వేడి చల్లారింది. పెద్దయ్యాక మళ్లీ ప్రయత్నించాడు కానీ జనానికి కావలసింది ఆ పిల్లాడే. 1824లో నాటకాలు పూర్తిగా వదిలేశాడు. ఆ తర్వాత యాభై ఏళ్లు, 1874 దాకా బతికాడు. సంతల్లో వాడి బొమ్మలు ఇంకా నాలుగు పౌన్లకి దొరుకుతున్నాయంటే అప్పట్లో ఎన్ని అచ్చేశారో చూసుకోండి.

ప్రశ్న (హనుమకొండ నుంచి, రంగస్థల కళలు చదువుతున్న అమ్మాయి): ఈ బొమ్మల్ని ఆనాటి నటనకి ఆధారంగా తీసుకోవచ్చా? నటులు నిజంగా ఎదురుగా కూర్చుంటే వేసినవేనా?

జవాబు: అమ్మా, మంచి ప్రశ్న. కొన్ని అవును, కొన్ని కాదు, ఆ తేడా పట్టుకోవడమే నీ చదువు.

అవును అనదగ్గవాడు శామ్యూల్ డి వైల్డ్. కోవెంట్ గార్డెన్ పక్కనే టావిస్టాక్ రో అనే వీధిలో ఉండేవాడు. నటులు వేషంతోనే వచ్చి నిలబడేవారు. నాటకాలు అచ్చేసే ప్రచురణకర్తల కోసం, విడిగానూ వందలకొద్దీ వేశాడు. అందుకే ఆ బొమ్మల్లో బట్టల మడతలు, తలపాగా ఈకలు, నటి వేలు ఎత్తిన తీరు కూడా నమ్మదగినవి. ఎలుగెత్తి అరుస్తున్న నోరు వెతక్కు. నిలబడి బొమ్మ వేయించుకునేవాడు గంటసేపు అరవలేడు కదా.

ఇప్పుడు రెండో రకం. జార్జ్ హెన్రీ హార్లో అనే యువ చిత్రకారుడు 1817లో ఒక పెద్ద చిత్రం ప్రదర్శించాడు. షేక్స్పియర్ 'ఎనిమిదో హెన్రీ'లో కాథరిన్ రాణి విచారణ ఘట్టం అది. రాణిగా ఆనాటి పెద్ద నటి సారా సిడన్స్, కార్డినల్ వూల్జీగా ఆమె తమ్ముడు జాన్ ఫిలిప్ కెంబుల్, ఇంకా ఆ ఇంటి తమ్ముళ్లు మరో ఇద్దరు. ఒకే కుటుంబం, ఒకే చిత్రం. సిడన్స్ కూర్చుంది. కెంబుల్ కూర్చోనన్నాడు. హార్లో ఏం చేశాడు? వేదిక పక్క బాక్సులో కూర్చుని, ఆట జరుగుతుండగా అతని ముఖం గీసుకున్నాడు. మరి రెండింట్లో ఏది నిజం? నన్నడిగితే పనిలో ఉన్న ముఖం దొరికింది కెంబుల్‌దే. జార్జ్ క్లింట్ ఆ చిత్రాన్ని మెజోటింట్‌గా (ఆ పద్ధతి ఏమిటో కింద చెబుతాను) చెక్కాడు, అది విపరీతంగా అమ్ముడైంది. హార్లో మాత్రం 1819లోనే, నిండా 32 ఏళ్లు లేకుండా పోయాడు.

మూడో రకం మాసపత్రికల బొమ్మలు. 'మంత్లీ మిర్రర్', 'యూరోపియన్ మేగజీన్' లాంటివి సంచికకో ప్రముఖుడి బొమ్మ ఇచ్చేవి. నెల తిరిగేసరికి రేకు సిద్ధం కావాలి. చెక్కేవాడు ఏ పాత బొమ్మో ముందు పెట్టుకుని పని కానిచ్చేవాడు. అలాంటి బొమ్మని పట్టుకుని నటన గురించి థీసిస్ రాయకు.

ఇంకో మాట. 1814 జనవరి 26న లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటరులో కీన్ షైలాక్ (షేక్స్పియర్ 'వెనిస్ వర్తకుడు'లోని యూదు వడ్డీవ్యాపారి) వేశాడు. అప్పటిదాకా షైలాక్ అంటే ఎర్ర విగ్గు. ఇతను నల్ల విగ్గుతో వచ్చాడు. ఆ రాత్రితో దివాళా అంచున ఉన్న థియేటరు నిలబడింది. షైలాక్‌గా కీన్ బొమ్మ ఎక్కడ కనిపించినా ముందు జుట్టు చూడు.

ప్రశ్న (విశాఖపట్నం): ఈ అచ్చు బొమ్మల్లో మెజోటింట్, స్టిపుల్, లితో అని రకాలు ఉంటాయంటారు. తేడా ఎలా తెలుస్తుంది? నా దగ్గర భూతద్దం ఉంది.

జవాబు: భూతద్దం ఉంటే చాలు. బుగ్గ మీద పెట్టండి. ఈ బొమ్మలన్నిట్లో రహస్యం బుగ్గ దగ్గరే ఉంటుంది.

చుక్కలు కనిపిస్తే స్టిపుల్. సూదితో, సన్నటి ఉలితో ఒక్కో చుక్కా పొడిచి నీడ తెప్పించేవారు. 1764లో ఇటలీ నుంచి లండన్ వచ్చిన బార్తొలోజ్జీ దీనికి పెద్ద గిరాకీ తెచ్చాడు. ఆడవాళ్ల బుగ్గలకి, పత్రికల బొమ్మలకి ఇదే ఎక్కువ వాడారు. ఒకదాన్నొకటి కోసుకునే గీతలు కనిపిస్తే అది లైన్ చెక్కడం. పనికి కాలం, ఖర్చు రెండూ ఎక్కువ.

చుక్కలూ గీతలూ లేకుండా మఖమల్ గుడ్డలా నల్లగా, మెత్తగా ఉంటే మెజోటింట్. నాకు ప్రాణం ఇదే. మిగతావాళ్లు తెల్లటి దాంట్లో నలుపు చేరుస్తూ పోతే మెజోటింట్ చెక్కేవాడు నలుపులోంచి తెలుపు తీస్తాడు. అంచు వంపు తిరిగి, దువ్వెన పళ్లలా పదునున్న రాకర్ అనే పనిముట్టుతో రేకంతా ఊపుతూ ఊపుతూ గరుకు చేస్తారు. అప్పుడు అచ్చు తీస్తే కాగితం మొత్తం కారునలుపు. ఇక ఎక్కడ వెలుగు కావాలో అక్కడ గరుకుని గీకుతారు, ఇంకా వెలుగు కావాలంటే నున్నగా మెరుగు పెడతారు. ముక్కు కొన మీద ఆ మెరుపు అలా వచ్చిందే. నాటకశాలలో నూనె దీపాల వెలుతురు కింద నిలబడ్డ నటుడికి ఇంతకన్నా తగిన పద్ధతి లేదు. పుట్టింది జర్మన్ చేతిలో, 1642లో. ఇంగ్లండులో ఎంత పాతుకుపోయిందంటే ఫ్రెంచివాళ్లు దాన్ని ఇంగ్లీషు పద్ధతి అనేవారు.

చిక్కేమిటంటే రాగి మెత్తన. వంద అచ్చులు దాటేసరికి ఆ గరుకు అణిగిపోయి బొమ్మ బూడిద రంగులోకి వస్తుంది. అందుకే మొదటి అచ్చులకి డబ్బున్నవాళ్లు ఎగబడేవారు. పేర్లు చెక్కకముందే తీసిన అచ్చుకి ఇంకా ఎక్కువ ధర. 1822లో థామస్ లప్టన్ మెత్తటి ఉక్కు మీద మెజోటింట్ చెక్కి సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ నుంచి పతకం అందుకున్నాడు. ఉక్కు మీద 1500 అచ్చుల దాకా చెక్కుచెదరలేదు. అతని తొలి ఉక్కు రేకుల్లో ఒకటి మండెన్ అనే హాస్యనటుడిది, క్లింట్ వేసిన చిత్రం నుంచి తీసింది. కొత్త టెక్నాలజీకి మొదటి గిరాకీ ఎప్పుడూ నటుల ముఖాలే కాబోలు.

లితో అయితే రాతి మీద గీసింది. రేకు అంచు గుర్తు ఉండదు, కొవ్వు పెన్సిల్ గీతలాంటి గరుకు కనిపిస్తుంది.

ప్రశ్న (నెల్లూరు): రంగులు ఉన్నవి ఎక్కువ విలువైనవా?

జవాబు: కాదు. చాలావాటికి రంగులు తర్వాతెప్పుడో షాపులవాళ్లు అద్దినవి, గోడకి అందంగా ఉంటుందని. పెదవి దాటి రంగు బయటికి కారిందంటే తొందరలో వేశారని అర్థం.

పుట్టుకతోనే రంగులున్నవి వేరే రకం. 1811 నుంచి విలియం వెస్ట్ అనే లండన్ షాపువాడు పిల్లల కోసం నాటకాల బొమ్మలు అచ్చేసి అమ్మాడు. సాదా అయితే ఒక పెన్నీ, రంగులద్దితే రెండు పెన్నీలు. తర్వాత చాలామంది అదే దారి పట్టారు. కత్తి దూసి, కాళ్లు చాపి నిలబడ్డ హీరోలు. ఇంటికి తెచ్చుకుని వాటికి తళతళలాడే రేకు ముక్కలు, పట్టు పీలికలు అంటించేవారు. కిరీటానికో ముక్క, కవచానికో ముక్క, అచ్చంగా కత్తిరించినవి షాపులోనే దొరికేవి. పెద్దలు చెత్త అనుకున్న ఈ పెన్నీ బొమ్మలు ఎక్కువగా చిరిగిపోయాయి. అందుకే రేకులంటించిన మంచి బొమ్మకి ఇవాళ, అదే నటుడి ఖరీదైన మెజోటింట్‌తో పోటీపడే గిరాకీ ఉంది. చిన్నప్పుడు మా అన్నయ్య సినిమా పాటల పుస్తకం అట్ట మీద ఎన్టీ రామారావు కిరీటానికి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం అంటించాడు. అమ్మ దాన్ని పొయ్యి రాజేయడానికి వాడేసింది.

ప్రశ్న (కడప నుంచి, రిటైర్డ్ టీచరు): ఈ బొమ్మల్లో మనవాళ్లు ఎవరూ లేరా?

జవాబు: ఉన్నారు, మాస్టారూ. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ బ్రైటన్‌లో ఆవిరి స్నానాల ఇల్లు నడిపి రాజుల ఒంటికి మర్దనా చేయించాడు. అతని లితో బొమ్మ ఉంది, బేన్స్ వేసింది. 1831లో ఇంగ్లండు వెళ్లి, 1833లో బ్రిస్టల్‌లో కన్నుమూసిన రామ్మోహన్ రాయ్ బొమ్మలూ ఉన్నాయి.

నాకు ఇష్టమైనవాడు మాత్రం రామసామి. 1810ల నుంచి లండన్‌లో గారడీ చేసిన దక్షిణాది మనిషి. కరపత్రాల మీద 'రామో సామీ' అని ఉంటుంది. బంతులు ఎగరేయడం, కత్తి మింగడం, పూసలు మింగి గుర్రపు వెంట్రుకకి గుచ్చి బయటికి తీయడం. హాజ్లిట్ అనే గొప్ప వ్యాసకర్త అక్కడి భారతీయ గారడీవాళ్లని చూసి, నేను రాసే వ్యాసాల్లో ఇంత నైపుణ్యం ఏదీ అని వాపోయాడు. రామసామి 1850లో పోయినప్పుడు పాతిపెట్టడానికి డబ్బులేక, భార్య పత్రికలో చందా అడగాల్సి వచ్చింది.

ప్రశ్న (హైదరాబాద్): మ్యూజియంలో ఇవి మామూలు మనుషులకి చూపిస్తారా?

జవాబు: చూపిస్తారు. బ్రిటిష్ మ్యూజియంలో ప్రింట్ల గది ఉంది, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే పెట్టె తెచ్చి మీ ముందు పెడతారు. మొదటిసారి నా చేతులు వణికాయి. అయితే గదిలో మీ మీద ఓ కన్నేసి ఉంచుతారు, ఏమీ అనుకోకండి. దానికి కారణం మన సబ్జెక్టులోనే ఉంది.

రాబర్ట్ డైటన్ అని ఒకడు. స్వయంగా పాటగాడు, వేషగాడు. నటుల్ని, లాయర్లని, కాలేజీ ప్రొఫెసర్లని కొంచెం వెక్కిరింపుగా గీసి అమ్మేవాడు. ప్రింట్ల గదికి వచ్చిపోతూ అక్కడి అధికారి బెలోతో స్నేహం చేశాడు, ఆయన బొమ్మ గీసి ఇచ్చాడు. ఆయన పొంగిపోయాడు. డైటన్ తాపీగా డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ఎచింగులు (ఆమ్లంతో రేకు మీద గీతలు దింపి తీసిన అచ్చులు) సంచిలో వేసుకుని వెళ్లడం మొదలుపెట్టాడు. 1806లో వుడ్‌బర్న్ అనే వ్యాపారి డైటన్ దగ్గర ఒక రెంబ్రాంట్ కొని, మ్యూజియం కాపీతో పోల్చుదామని వస్తే అక్కడ ఆ కాపీ లేదు! గుట్టు రట్టయింది. బెలో ఉద్యోగం ఊడింది. డైటన్ మీద మాత్రం కేసు నడవలేదు. ఊరు వదిలి కొన్నాళ్లు తిరిగి, మళ్లీ వచ్చి బొమ్మలు గీసుకున్నాడు. పాపం బెలో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మన బొమ్మ మనకి ఎవరైనా గీసిచ్చి పొగిడితే ఎవరం మాత్రం సంచి తనిఖీ చేస్తాం?

ప్రశ్న (రాజమండ్రి): అమెరికా నుంచి మా వాడు ఇలాంటి బొమ్మ ఒకటి తెచ్చాడు. ఫ్రేము కట్టే షాపువాళ్లు అంచులు కోస్తేగానీ కుదరదంటున్నారు. కోయించమంటారా?

జవాబు: వద్దు. ఈ సంచిక షాపువాళ్లకి చూపించి మరీ వద్దనండి.

అంచులు కోసే జబ్బు పాతదే. 1769లో జేమ్స్ గ్రేంజర్ అనే పాస్టరు ఇంగ్లండు చరిత్రలోని ప్రముఖుల బొమ్మల జాబితాతో పుస్తకం వేశాడు. దాంతో అందరికీ ఆ బొమ్మలన్నీ సంపాదించి పుస్తకంలో అతికించుకోవాలన్న పిచ్చి పట్టింది. దానికోసం వేరే పుస్తకాలు చింపారు, బొమ్మల్ని పేజీకి సరిపడా కత్తిరించారు. ముఖాలు మిగిలాయి, కింద అక్షరాలు పోయాయి. లైబ్రేరియన్‌గా నేను ఆ కథ చదివి ఎంత తిట్టుకున్నానో.

ఇక నా కీన్. సంతలో కొన్నప్పుడు రేకు గుర్తుతో సహా అంచులన్నీ ఉన్నాయి. కాకినాడ తెచ్చాక అమ్మాయి పెళ్లికి వచ్చిన రెడీమేడ్ ఫ్రేము ఒకటి ఖాళీగా కనిపించింది. బొమ్మ అర అంగుళం పొడుగు. కింద ఏవో చిన్న అక్షరాలేగా అని స్కేలు పెట్టి, బ్లేడుతో నేనే కోశాను. అప్పటికి నాకు పింక్సిట్ తెలియదు, స్కల్ప్సిట్ తెలియదు. కోసిన ముక్కని మా ఆయన షాపింగ్ లిస్టు రాయడానికి వాడుకున్నారు. తర్వాత మ్యూజియం వెబ్‌సైటులో గంటల తరబడి పోల్చి చూశాను. అదే బొమ్మని ఒకళ్లకి మించి చెక్కారు, ఎడమ మోచేయి దగ్గర నీడ ఒకళ్లదానితో కుదిరితే కాలరు ఇంకొకళ్లదానితో కుదురుతుంది. తేల్చుకోలేకపోయాను.

కాబట్టి మీరు బొమ్మ కొలత చూసుకుని దానికన్నా నాలుగైదు అంగుళాలు పెద్ద ఫ్రేము తీసుకోండి. ఆమ్లం లేని మౌంటు అట్ట (బొమ్మ చుట్టూ వచ్చే అట్ట) అడగండి, దాని మధ్య కిటికీ రేకు గుర్తుకి బయటగా కోయమనండి. సెల్లోటేపు వేయనివ్వకండి, వెనక అట్టకి జిగురుతో అంటించనివ్వకండి. ఎండ పడని గోడకి తగిలించండి. ఫ్రేములో పెట్టేముందు కింద అక్షరాల ఫోటో తీసి నాకు పంపండి. అది ఎవరు చెక్కారో వచ్చే నెల ఇక్కడే చెబుతాను.